కార్బన్ డాట్లతో అతినీలలోహిత కిరణాలను ఆపే పారదర్శక ఫిల్మ్ తయారుచేయడం ఎలా

చీకటి గదిలో యూవీ టార్చి వేయగానే లేత నీలంగా వెలిగే ఫిల్మ్‌ను చూసినప్పుడు, అది అతినీలలోహిత కిరణాలన్నింటినీ ఆపేస్తున్నదని అనిపించడం సహజం. కార్బన్ డాట్లను, అంటే కొద్ది నానోమీటర్ల పరిమాణంలో ఉండే కార్బన్ గుళికలను, పాలిమర్‌లో కలిపి నేను చేసిన మొదటి ఫిల్మ్ కూడా అలాగే వెలిగింది. దానిని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (ఏ తరంగదైర్ఘ్యపు కాంతి ఎంత దాటుతున్నదో కొలిచే పరికరంలో) పెట్టి చూసినప్పుడు 350 నానోమీటర్ల దగ్గర కాంతి దాదాపు పూర్తిగా ఆగింది కానీ, 290 నానోమీటర్ల దగ్గర మాత్రం సగానికి సగం దాటిపోతున్నది. వెలగడం వేరు, ఆపడం వేరు అని ఆ గ్రాఫ్ చూశాకే నాకు అర్థమైంది. ఫిల్మ్ తయారుచేయడం నిజానికి అంత కష్టమైన పని కాదు. ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత ఆపాలో ముందుగా తేల్చుకుని, దానికి తగినట్టు లెక్క వేసి, చివర్లో నిజాయితీగా కొలవడమే కష్టం. అందుకే ఈ వివరణలో తయారీకి ఎంత చోటు ఇచ్చానో లెక్కకూ కొలతకూ అంతే చోటు ఇచ్చాను.

ఇది రసాయన శాస్త్ర ప్రయోగశాల అందుబాటులో ఉన్న ఎంఎస్సీ, బీటెక్ విద్యార్థులను, వారికి ప్రాజెక్టు చేయించే అధ్యాపకులను ఉద్దేశించి రాసినది. ఇందులో వాడే పీడన పాత్ర, అమీన్ రసాయనం ఇంటి వంటగదిలో వాడదగినవి కావు.

దేనిని కాపాడదలచుకున్నారు?

అతినీలలోహిత కాంతిని మూడు భాగాలుగా చెబుతారు. 100 నుంచి 280 నానోమీటర్ల వరకు యూవీ-సీ, 280 నుంచి 315 వరకు యూవీ-బీ, 315 నుంచి 400 వరకు యూవీ-ఏ. సూర్యుడి నుంచి వచ్చే యూవీ-సీ అంతటినీ, యూవీ-బీలో చాలా భాగాన్నీ వాతావరణమే పీల్చుకుంటుంది కనుక, నేలను చేరే అతినీలలోహిత కాంతిలో దాదాపు 95 శాతం యూవీ-ఏనే. అలాగని మిగిలిన కొద్దిపాటి యూవీ-బీని తక్కువగా చూడకూడదు. 300 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 4.13 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే మోల్‌కు దాదాపు 400 కిలోజౌళ్లు. కార్బన్-కార్బన్ ఏకబంధాన్ని తెంచడానికి కావలసినది సుమారు 350 మాత్రమే. ప్లాస్టిక్కులు పెళుసెక్కడానికీ, రంగులు వెలిసిపోవడానికీ ఈ కొద్దిపాటి కాంతి కూడా పెద్ద కారణమే.

కాబట్టి మొదటి పని, మీ ఫిల్మ్ కాపాడవలసిన వస్తువు ఏ తరంగదైర్ఘ్యాన్ని పీల్చుకుని చెడిపోతుందో తెలుసుకోవడం. ఉదాహరణకు పాలు ఎండ తగిలి రుచి మారడానికి ముఖ్య కారణం అందులోని రైబోఫ్లేవిన్. అది 370 నానోమీటర్ల దగ్గరే కాకుండా 450 నానోమీటర్ల దగ్గర కూడా, అంటే కంటికి కనిపించే నీలి కాంతిలో కూడా, గట్టిగా పీల్చుకుంటుంది. పారదర్శకమైన యూవీ ఫిల్మ్ పాలను పూర్తిగా కాపాడలేదు. పాలీహౌస్ కప్పు కోసం ఆలోచిస్తున్నవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. అతినీలలోహిత కాంతిని ఆపే కప్పు కింద తెల్లదోమ ఉధృతి తగ్గుతుంది కానీ, తేనెటీగలు కూడా దారి కనుక్కోవడానికి అదే కాంతిపై ఆధారపడతాయి. పరాగ సంపర్కం అవసరమైన పంటకు ఇది నష్టం కావచ్చు. ఏది కావాలో, ఏది వద్దో ఒక కాగితం మీద రాసుకున్న తరువాతే రసాయనాల సీసాలు తెరవండి.

ఏ కార్బన్ వాడాలి?

కార్బన్‌తో అతినీలలోహిత కిరణాలను ఆపడం కొత్త సంగతి కాదు. మన పొలాల్లో పరిచే నల్లని హెచ్‌డీపీఈ పైపుల్లో 2 నుంచి 3 శాతం కార్బన్ బ్లాక్ ఉంటుంది. అవి ఏళ్ల తరబడి ఎండకు తట్టుకోవడానికి కారణం అదే. ధరలోనూ మన్నికలోనూ దానికి సాటి లేదు, కానీ అది కనిపించే కాంతిని కూడా మింగేస్తుంది. లోపలి వస్తువు కనిపించనవసరం లేకపోతే కార్బన్ బ్లాక్ వాడండి, ఈ శ్రమంతా అవసరం లేదు.

పారదర్శకత కావాలనుకున్నప్పుడే నానో రూపాల వైపు చూడాలి. గ్రాఫీన్ ఒక్కొక్క పొర కనిపించే కాంతిలో 2.3 శాతం పీల్చుకుంటుంది, దాని శోషణ శిఖరం, అంటే అది కాంతిని అన్నింటికన్నా ఎక్కువగా పీల్చుకునే చోటు, 270 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. పొరలు పెరిగేకొద్దీ ఫిల్మ్ బూడిద రంగుకు తిరుగుతుంది. గ్రాఫీన్ ఆక్సైడ్‌కు 230 దగ్గర శిఖరం, 300 దగ్గర ఒక చిన్న భుజం ఉంటాయి. నీటిలో చక్కగా కలుస్తుంది కానీ గోధుమ రంగు తెస్తుంది. కార్బన్ నానోట్యూబులు తక్కువ మోతాదులోనే నలుపెక్కిస్తాయి, పైగా పొడి రూపంలో పీల్చడం ప్రమాదకరం. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2013లో వాటికి సూచించిన పరిమితి ఘనపు మీటరు గాలికి ఒక్క మైక్రోగ్రాము మాత్రమే.

ఈ పనికి నేను కార్బన్ డాట్లనే సూచిస్తాను. 2004లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో నానోట్యూబుల మసిని శుద్ధి చేస్తున్నప్పుడు, విద్యుత్ క్షేత్రంలో విడిగా కదులుతూ వెలిగే ఒక భాగం కనిపించింది. 2006లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయ బృందం వాటికి కార్బన్ డాట్లు అనే పేరు పెట్టింది. సాధారణంగా 10 నానోమీటర్లకన్నా చిన్నవి కనుక ఇవి కాంతిని చెదరగొట్టవు, ఫిల్మ్ మసకబారదు. నీటిలో కరుగుతాయి కనుక నీటిలో కరిగే పాలిమర్‌తో నేరుగా కలుస్తాయి. టైటానియం డయాక్సైడ్ పొడి అయితే పూత వేయకుండా వాడితే కాంతి తగిలినప్పుడు చుట్టూ ఉన్న పాలిమర్‌నే ఆక్సీకరణం చేసి చెడగొట్టే గుణం కలది; ఆ బెడద ఇక్కడ చాలా తక్కువ.

డాట్ల తయారీ

చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ అందరికన్నా నమ్మకంగా పనిచేస్తున్నది. సిట్రిక్ యాసిడ్ మోనోహైడ్రేట్ 1.05 గ్రాములు, ఇథిలీన్‌డయమీన్ 0.335 మిల్లీలీటర్లు, డీఅయనైజ్డ్ నీరు 10 మిల్లీలీటర్లు. 200 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 గంటలు. రెండు రసాయనాలూ ఇక్కడ సరిగ్గా 5 మిల్లీమోల్స్ చొప్పున ఉన్నాయని గమనించండి. మీ సీసా మీద అన్‌హైడ్రస్ అని ఉంటే 0.96 గ్రాములు సరిపోతుంది. కిరాణా దుకాణంలో నిమ్మ ఉప్పు పేరుతో దొరికేది ఇదే పదార్థమైనా, దాని శుద్ధత తెలియదు కనుక ప్రయోగశాల గ్రేడునే తీసుకోండి.

ముందుగా సిట్రిక్ యాసిడ్‌ను నీటిలో పూర్తిగా కరిగించి, పొగగూటిలో (ఫ్యూమ్ హుడ్‌లో) ఉంచి, ఇథిలీన్‌డయమీన్‌ను చుక్కచుక్కగా వేస్తూ కలపండి. ఆమ్లం, క్షారం కలిసినందువల్ల ద్రావణం వేడెక్కుతుంది. తొందరపడి ఒక్కసారిగా పోయకూడదు. ఇథిలీన్‌డయమీన్ ఆవిరి ముక్కునూ కళ్లనూ మండిస్తుంది, చర్మానికి తగిలితే కాలుస్తుంది, పదేపదే పీల్చినవారికి ఆస్తమా వంటి అలర్జీ రావచ్చు. చేతులకు నైట్రైల్ గ్లౌజులు, కళ్లకు గాగుల్స్ తప్పనిసరి.

ఈ ద్రావణాన్ని టెఫ్లాన్ లోపలి పాత్ర ఉన్న 25 మిల్లీలీటర్ల హైడ్రోథర్మల్ ఆటోక్లేవ్‌లో పోసి బిగించండి. 200 డిగ్రీల వద్ద నీటి ఆవిరి పీడనమే వాతావరణ పీడనానికి దాదాపు 15 రెట్లు ఉంటుంది, రసాయన చర్యలో పుట్టే వాయువులు దానికి తోడవుతాయి. పాత్రను ఎప్పుడూ మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు, మీ పాత్ర తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రత పరిమితిని దాటవద్దు, మరమేకు అరిగిన పాత్రను వాడవద్దు. ఓవెన్ ఆపిన తరువాత పాత్ర దానంతటదే గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగండి. కుళాయి నీటి కింద పెట్టి చల్లార్చే అలవాటు కొన్నిచోట్ల కనిపిస్తుంది. అది చాలా ప్రమాదం. సాయంత్రం పెట్టి మరునాడు ఉదయం తెరవడం అన్నింటికన్నా మంచిది.

తెరిచినప్పుడు గోధుమ రంగు స్పష్టమైన ద్రావణం ఉండాలి. దాని నుంచి ఒక్క చుక్క తీసి గ్లాసు నీటిలో వేస్తే రంగు దాదాపు కనిపించదు, కానీ 365 నానోమీటర్ల టార్చి కింద గ్లాసంతా నీలంగా వెలుగుతుంది. అడుగున నల్లని మడ్డి కనిపిస్తే ఉష్ణోగ్రత మీరు అనుకున్నదానికన్నా ఎక్కువగా పెరిగిందని అర్థం. ఓవెన్ థర్మామీటరును సరిచూసుకోండి.

శుద్ధి చేయడం, గాఢత తెలుసుకోవడం

ద్రావణాన్ని 0.22 మైక్రాన్ల సిరంజి ఫిల్టరు గుండా పంపి, 1000 డాల్టన్ల డయాలిసిస్ గొట్టంలో (అంతకన్నా చిన్న అణువులను మాత్రమే బయటకు వదిలే గొట్టంలో) పోసి, పెద్ద బీకరు డీఅయనైజ్డ్ నీటిలో ఒకటి రెండు రోజులు ఉంచండి; బయటి నీటిని మొదటి రోజు మూడు నాలుగు సార్లు మార్చండి. చర్యలో పాల్గొనని ఆమ్లం, అమీన్ మిగిలిపోతే ఫిల్మ్ ఆరిన తరువాత కూడా జిగటగా ఉంటుంది, కాలక్రమంలో పసుపెక్కుతుంది. ఈ మెట్టును దాటవేసినవారి ఫిల్మ్‌ను వేలితో తాకితే చాలు, తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. గొట్టం బయట ఉన్న బీకరు నీటి మీద టార్చి వేసి చూడండి, అది కూడా నీలంగా వెలుగుతుంది. ఈ పద్ధతిలో పుట్టే వెలుగులో పెద్ద భాగం కార్బన్ గుళికలది కాదనీ, చర్యలో ఏర్పడే ఒక చిన్న సేంద్రియ అణువుదనీ 2015లో తేలింది. ఆ చిన్న అణువులు డయాలిసిస్‌లో బయటకు పోతాయి, ఫిల్మ్‌లో మిగిలినా ఎండకు ముందుగా చెడిపోయేవి అవే. శుద్ధి తరువాత వెలుగు తగ్గిందని బాధపడవద్దు. మిగిలినదే ఎక్కువ కాలం పనిచేసే భాగం.

తరువాత, శుద్ధి చేసిన ద్రావణం 5 మిల్లీలీటర్లను ముందే తూచి ఉంచిన చిన్న గిన్నెలో పోసి, 80 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంతవరకు ఆరబెట్టి మళ్లీ తూచండి. ఒక లీటరుకు ఎన్ని గ్రాముల డాట్లున్నాయో దీనితో తెలుస్తుంది. ఈ సంఖ్య లేకుండా ముందుకు వెళ్లవద్దు. ఇన్ని మిల్లీలీటర్ల డాట్ ద్రావణం కలిపాం అని మాత్రమే రాసిన ప్రాజెక్టు రిపోర్టును మరొకరు తిరిగి చేయలేరు.

ఎంత కలపాలి: లెక్క

చాలామంది ఈ మెట్టును వదిలేసి 1 శాతం, 2 శాతం, 5 శాతం అని గుడ్డిగా ఫిల్ములు పోస్తారు. పది నిమిషాల లెక్క వారం రోజుల పనిని మిగులుస్తుంది.

మీ డాట్ ద్రావణాన్ని బాగా పలచన చేసి, 250 నుంచి 700 నానోమీటర్ల వరకు శోషణ గ్రాఫ్ తీయండి. క్యూవెట్ (కొలతకు ద్రావణం పోసే చిన్న పాత్ర) తప్పనిసరిగా క్వార్ట్జ్‌ది అయి ఉండాలి. మామూలు గాజు, ప్లాస్టిక్ క్యూవెట్లు తామే అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి. శోషణ విలువ 0.1కి, 1కి మధ్య ఉండేలా పలచన చేయండి. పైన చెప్పిన డాట్లకు 240 దగ్గర ఒక శిఖరం, 345 చుట్టుపక్కల ఒక శిఖరం కనిపిస్తాయి. వాటి మధ్య, 290 ప్రాంతంలో, గ్రాఫ్ లోయలా దిగిపోతుంది. నా మొదటి ఫిల్మ్ విఫలమైనది ఈ లోయలోనే.

ఇప్పుడు లెక్క చూడండి. బియర్-లాంబర్ట్ సూత్రం ప్రకారం శోషణ అంటే ద్రవ్యరాశి శోషణ గుణకం, గాఢత, కాంతి ప్రయాణించే మందం, ఈ మూడింటి లబ్ధం. లెక్క తెలియడానికి ఒక విలువ అనుకుందాం: లీటరుకు 0.05 గ్రాముల ద్రావణం ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో 350 దగ్గర 0.5 శోషణ ఇచ్చింది. అప్పుడు గుణకం 10. కాంతిని 99 శాతం ఆపాలంటే, అంటే ఒక్క శాతమే దాటాలంటే, శోషణ 2 కావాలి (శోషణ 1 అంటే పదో వంతు, 2 అంటే నూరో వంతు కాంతి దాటుతుందని అర్థం). ఫిల్మ్ మందం 60 మైక్రాన్లు, అంటే 0.006 సెంటీమీటర్లు అనుకుంటే, 2ను 10తోనూ 0.006తోనూ భాగించగా లీటరు ఫిల్మ్‌కు 33 గ్రాముల డాట్లు అవసరం. పాలీవినైల్ ఆల్కహాల్ సాంద్రత సుమారు 1.3 కనుక లీటరు ఫిల్మ్ బరువు 1300 గ్రాములు; అంటే బరువులో 2.6 శాతం.

చూడటానికి ఇది హాయిగా ఉంది. కానీ లోయలో, 290 దగ్గర, గుణకం 3 మాత్రమే వచ్చిందనుకుంటే అదే 99 శాతం కోసం 8.5 శాతం డాట్లు కలపాలి. అంత కలిపితే శోషణ తోక 400 దాటి నీలి కాంతిలోకి కూడా చేరుతుంది, ఫిల్మ్ పసుపు రంగుకు తిరుగుతుంది, గట్టిదనం మారుతుంది. ఇక్కడ మీ ముందు మూడు దారులున్నాయి. ఫిల్మ్ మందాన్ని 120 మైక్రాన్లకు పెంచితే 4.3 శాతంతో సరిపోతుంది. యూవీ-బీలో 90 శాతం ఆపితే చాలనుకుంటే, శోషణ 1 చాలు కనుక, 60 మైక్రాన్లలోనే 4.3 శాతం సరిపోతుంది. మూడవది, 300 దగ్గర భుజం ఉన్న గ్రాఫీన్ ఆక్సైడ్‌ను అతి స్వల్పంగా కలిపి లోయను పూడ్చడం. రంగు గోధుమ వైపు తిరగడం దాని మూల్యం. నేనైతే మందం పెంచడానికే మొగ్గుచూపుతాను, ఎందుకంటే 99 శాతం ఆపడాన్ని వదులుకోకుండానే డాట్ల శాతం తగ్గుతుంది, గట్టిదనం అంతగా మారదు; పసుపు రంగు మాత్రం 60 మైక్రాన్లలో 8.5 శాతం కలిపినప్పుడు ఉన్నంతే ఉంటుంది. ఏ దారి ఎంచుకున్నా, శిఖరాన్ని చూసి కాక లోయను చూసి మోతాదు నిర్ణయించండి.

పాలిమర్ ద్రావణం

దుకాణంలో పీవీఏ అని అడిగితే తెల్ల జిగురుగా వాడే పాలీవినైల్ అసిటేట్ చేతిలో పెట్టే అవకాశముంది. మీకు కావలసినది పాలీవినైల్ ఆల్కహాల్, తెల్లని గుళికలుగా లేదా పొడిగా దొరుకుతుంది. ఇందులోనూ రెండు రకాలు. 87 నుంచి 89 శాతం జలవిశ్లేషణ జరిగినది తేలికగా కరుగుతుంది, అంతే తేలికగా చెమ్మకు లొంగుతుంది. 98 నుంచి 99 శాతం రకం కరగడానికి 90 డిగ్రీల వేడి కావాలి కానీ, దాని ఫిల్మ్ చల్లని నీటిలో ఉబ్బుతుందే తప్ప త్వరగా కరగదు. అణుభారం 85 వేల నుంచి 1.24 లక్షల మధ్య ఉన్న రెండవ రకాన్ని తీసుకోండి.

బీకరులో 190 గ్రాముల చల్లని డీఅయనైజ్డ్ నీరు తీసుకుని, మాగ్నెటిక్ స్టిర్రర్ తిరుగుతుండగా 10 గ్రాముల పొడిని కొద్దికొద్దిగా చల్లండి. మరుగుతున్న నీటిలో రవ్వను ఒక్కసారిగా పోస్తే ఉండలు కట్టినట్టే, వేడి నీటిలో ఈ పొడిని పోస్తే పైన జిగురై లోపల పొడిగా మిగిలిన ఉండలు కడుతుంది, అవి ఎంత సేపు తిప్పినా కరగవు. అరగంట నానిన తరువాత మాత్రమే వేడిని క్రమంగా 90 డిగ్రీలకు పెంచి, పైన గాజు పళ్లెం మూసి, రెండు గంటలు తిప్పండి. మొదలుపెట్టే ముందు బీకరు బరువు రాసుకుని ఉంటే, చివర్లో ఆవిరైన నీటిని అంతే మేరకు తిరిగి పోయవచ్చు. ఇది 5 శాతం ద్రావణం.

వేడి తగ్గి 60 డిగ్రీలకు వచ్చాక 10 గ్రాముల ద్రావణాన్ని వేరే బీకరులోకి తూచి తీసుకోండి. ఇందులో అర గ్రాము పాలిమర్ ఉంటుంది. మొత్తం ఫిల్మ్‌లో 2.6 శాతం డాట్లు కావాలంటే సుమారు 13 మిల్లీగ్రాములు చాలు. మీ డాట్ ద్రావణం లీటరుకు 10 గ్రాములు ఉన్నదైతే అది 1.3 మిల్లీలీటర్లు. వేసి గంటసేపు నెమ్మదిగా తిప్పండి. వేగంగా తిప్పితే నురుగు వస్తుంది, ఆ నురుగే తరువాత ఫిల్మ్‌లో ఆవగింజంత బుడగలై మిగులుతుంది. మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే బుడగలు పైకి తేలి పగిలిపోతాయి. డాట్లు లేని ఖాళీ ఫిల్మ్ కోసం కూడా మరో 10 గ్రాములు పక్కన పెట్టుకోవడం మరువకండి.

పోయడం, ఆరబెట్టడం

9 సెంటీమీటర్ల పాలీస్టైరీన్ పెట్రీ డిష్ మంచిది. శుభ్రమైన గాజుకు ఈ పాలిమర్ గట్టిగా అతుక్కుపోతుంది, తీసేటప్పుడు చిరుగుతుంది. డిష్ వైశాల్యం దాదాపు 64 చదరపు సెంటీమీటర్లు కనుక, అర గ్రాము పాలిమర్ పరుచుకుంటే మందం 60 మైక్రాన్ల దగ్గరికి వస్తుంది. ఈ లెక్క నిజం కావాలంటే ఓవెన్ లోపలి అర (షెల్ఫ్) సమతలంగా ఉండాలి. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టాన్ని అర మీద నిలువునా అడ్డంగా పెట్టి సరిచూడండి; ఒక పక్క వాలితే ఫిల్మ్ ఒక అంచున 40, మరో అంచున 80 మైక్రాన్లుగా వస్తుంది, మీ శోషణ లెక్క అంతా తారుమారవుతుంది.

40 డిగ్రీల వద్ద ఒక రోజు ఆరబెట్టండి. తొందరపడి 70, 80 డిగ్రీలు పెడితే పాల మీద మీగడ కట్టినట్టు పైపొర ముందే బిగిసి, లోపలి నీరు బయటికి రాలేక ఫిల్మ్ పొంగుతుంది. ఆరిన ఫిల్మ్ అంచులు డిష్ గోడ నుంచి వాటంతట అవే విడివడి కొద్దిగా పైకి లేస్తాయి. అప్పుడు బ్లేడు మొనతో ఒక చోట లేపి, రెండు వేళ్లతో నెమ్మదిగా లాగితే ఒకే ముక్కగా వస్తుంది. రాకపోతే ఇంకా తడి ఉందని అర్థం.

విశాఖపట్నంలో వర్షాకాలంలో పోసిన ఫిల్మ్, అనంతపురంలో వేసవిలో పోసిన ఫిల్మ్ ఒకేలా ఉండవు. పాలీవినైల్ ఆల్కహాల్ గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది, తేమ పోతే పెళుసెక్కి చుట్టుకుంటుంది. అందువల్ల కొలతకు ముందు అన్ని ఫిల్ములనూ ఒకే తేమలో రెండు రోజులు ఉంచండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉప్పు మిగిలిపోయేంత చిక్కని ఉప్పునీటి గిన్నె పెట్టి, దానికి తగలకుండా పైన జాలీ మీద ఫిల్ములు ఉంచితే, లోపలి తేమ 75 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది.

కొలత

ముందుగా మైక్రోమీటరుతో మధ్యలో ఒకటి, చుట్టూ నాలుగు, మొత్తం ఐదు చోట్ల మందం కొలిచి రాసుకోండి. తరువాత ఫిల్మ్‌ను స్పెక్ట్రోఫోటోమీటర్ దారిలో నిటారుగా బిగించి, 250 నుంచి 800 వరకు ఎంత శాతం కాంతి దాటుతున్నదో గ్రాఫ్ తీయండి. మొదట ఖాళీ ఫిల్మ్ పెట్టండి. అది కనిపించే కాంతిలో 91, 92 శాతం చూపిస్తే కంగారు పడనక్కరలేదు. రెండు ఉపరితలాల నుంచి చెరొక 4 శాతం వెనక్కి పరావర్తనం కావడమే ఆ లోటుకు కారణం. డాట్ల ఫిల్మ్ 550 దగ్గర ఖాళీ ఫిల్మ్‌కు రెండు మూడు శాతం లోపల ఉంటే పారదర్శకత నిలిచినట్టే.

ఇప్పుడు ఈ పని మొత్తంలో ఎక్కువమంది పట్టించుకోని చోటుకు వచ్చాం. చాలా స్పెక్ట్రోఫోటోమీటర్లలో తరంగదైర్ఘ్యాన్ని ఎంచే భాగం ఫిల్మ్‌కు ముందు ఉంటుంది, ఫిల్మ్ దాటిన తరువాత నేరుగా డిటెక్టరు ఉంటుంది. 350 నానోమీటర్ల కాంతి ఫిల్మ్‌లో పూర్తిగా ఆగిపోయినా, దాని బదులు డాట్లు విడుదల చేసే 440 ప్రాంతపు నీలి కాంతి డిటెక్టరును చేరితే, పరికరం దానిని కూడా దాటిన 350 కాంతిగానే లెక్కవేస్తుంది. ఫిల్మ్ నిజంగా ఆపిన దానికన్నా తక్కువ ఆపినట్టు కనిపిస్తుంది. ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ ఉన్న పరికరంలో ఈ దోషం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది అన్ని దిక్కుల వెలుగునూ పోగుచేస్తుంది. ఫిల్మ్‌ను డిటెక్టరుకు వీలైనంత దూరంగా ఉంచి మరోసారి కొలవండి. రెండు విలువలూ తేడాగా వస్తే ప్రతిదీప్తి, అంటే డాట్ల సొంత వెలుగు, కలుస్తున్నదని తెలుస్తుంది. అతినీలలోహిత కాంతిని పంపి నీలి కాంతిని ఆపే ఫిల్టరు గాజు దొరికితే దానిని ఫిల్మ్‌కూ డిటెక్టరుకూ మధ్య పెట్టి కొలవడం ఉత్తమం.

పరికరం దొరకని రోజున చేతిలో ఉన్న 500 రూపాయల నోటుతో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. నోటు మీది సంఖ్యలు ప్రతిదీప్త సిరాతో ముద్రించినవి, కాగితంలో వెలిగే పోగులు కూడా ఉంటాయి. చీకటిలో 365 నానోమీటర్ల టార్చి వేసి వాటిని చూడండి, తరువాత టార్చి మూతికి ఆనించి ఫిల్మ్‌ను అడ్డం పెట్టండి. పోగుల వెలుగు ఆరిపోతే 365 దగ్గర ఫిల్మ్ బాగా పనిచేస్తున్నట్టే. ఫిల్మ్‌ను నోటు మీదే పరిస్తే దాని సొంత నీలి వెలుగు కళ్లను మోసం చేస్తుంది, అందుకే టార్చి దగ్గర పెట్టమన్నాను. చవకగా దొరికే టార్చీలు ఎక్కువగా 395 నానోమీటర్లవి. ఊదా వెలుగు బాగా కనిపిస్తే అది ఆ రకమే. ఏ టార్చి అయినా కళ్లలోకి వేయవద్దు. ఈ పరీక్ష యూవీ-బీ గురించి ఏమీ చెప్పదు కనుక, దీనిని చూసి రిపోర్టు రాయకూడదు.

లాగుడు బలం, సాగుదల వంటివి కొలవాలంటే మీ కళాశాలలో యంత్రం లేకపోయినా, హైదరాబాద్, విజయవాడల్లోని సీపెట్ వంటి ప్లాస్టిక్ పరీక్షా కేంద్రాలను సంప్రదించవచ్చు.

ఎండకు నిలుస్తుందా?

తయారైన రోజున తీసిన గ్రాఫ్ ఫిల్మ్ మొదటి రోజు సంగతే చెబుతుంది. కొన్న వ్యక్తికి ఆరు నెలల తరువాతి గ్రాఫే ముఖ్యం. డాట్లు నీటిలోకి కారిపోతున్నాయా అని చూడటానికి తూచిన ముక్కను గది ఉష్ణోగ్రత నీటిలో ఒక రోజు ఉంచి, ఆ నీటి శోషణను 350 దగ్గర కొలవండి. విలువ ఎక్కువగా ఉంటే ఆహార పొట్లాల ఆలోచన మానుకోండి, లేదా ఫిల్మ్‌ను రెండు నీరు చొరని పొరల మధ్య ఇమిడ్చి వాడండి.

ఎండ పరీక్షకు పరిశ్రమల్లో వాడే ఏఎస్‌టీఎం జీ154 పద్ధతిలో ఒక వలయం ఇలా ఉంటుంది: యూవీఏ-340 దీపాల కింద 60 డిగ్రీల వద్ద 8 గంటలు, ఆపైన 50 డిగ్రీల వద్ద నీటి ఆవిరి చెమర్చే స్థితిలో 4 గంటలు. ఆ చెమరింపు మన పాలిమర్‌ను ఉబ్బించి పాడుచేస్తుంది కనుక విడి ఫిల్మ్‌కు అది తగదు. పొడి యూవీ దీపం కిందో, మేడ మీద క్వార్ట్జ్ పలక అడుగున నేరుగా ఎండలోనో పెట్టండి. మామూలు కిటికీ గాజు యూవీ-బీని చాలా వరకు ఆపేస్తుంది కనుక దాని కింద పెట్టిన పరీక్ష లెక్కలోకి రాదు.

ప్రతి ఫిల్మ్‌లో సగాన్ని అల్యూమినియం రేకుతో గట్టిగా కప్పండి. వారానికి ఒకసారి రేకు విప్పి, కప్పిన సగాన్నీ కప్పని సగాన్నీ 290, 320, 350, 380 నానోమీటర్ల దగ్గర కొలిచి పక్కపక్కనే రాయండి. రెండు సగాలూ ఒకే ఫిల్మ్, ఒకే మందం, ఒకే తేమ చూసినవి కనుక తేడా వస్తే దానికి కారణం ఎండ ఒక్కటే. శుద్ధి చేయని డాట్లతో పోసిన ఫిల్మ్‌లో ఈ తేడా కంటికే కనిపిస్తుంది: కొన్ని వారాల తరువాత టార్చి వేస్తే, రేకు కింద ఉన్న సగం నీలంగా వెలుగుతుంది, ఎండ తగిలిన సగం మసకబారి ఉంటుంది, రెండింటి మధ్య రేకు అంచు గీసినట్టు తిన్నగా కనిపిస్తుంది. 350 దగ్గర శోషణ మొదటి విలువలో పది శాతానికి మించి తగ్గిన రోజును మీ నోటుబుక్కులో తేదీతో సహా రాసి, డయాలిసిస్ సమయాన్ని పెంచి తరువాతి విడత పోయండి.